గుంత తడి ఆరనీయకు

కమలాపురం,
2003 జూలై

చిరంజీవి తమ్ముడు ఉమామహేశ్వరకు,

అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ. నేను రాయను. మీ బావ క్షేమంగా లేడు.

మొదట మెడ మీద దద్దుర్లు వచ్చాయి. వేడి చేసిందేమోనని సబ్జా నీళ్లు తాగించాను. తర్వాత కనురెప్పలు ఉబ్బాయి. మోచేతి మడతల్లో చర్మం పగిలి రసి కారింది. ఇప్పుడు వేళ్ల సందుల్లోకి దిగింది. నువ్వు మగ్గాల వీధిలో పుట్టినవాడివి, నీకు చెప్పక్కర్లేదు, పెండ్లి చీర మీద రసి చుక్క పడితే దాన్ని ఎవరు ముట్టుకుంటారు? వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకొని నేస్తున్నాడు. దారం తెగినా చేతికి తెలియడం లేదట. "కండ్లు మూసుకొని నేసేటోన్ని. ఇప్పుడు కండ్లు తెరుచుకొని గూడా నేయలేకపోతాండానే మల్లీ" అని నిన్న ఏడ్చాడు. పెండ్లయినప్పటి నుంచి ఆయన ఏడవడం నేను చూడలేదు.

కడపలో చర్మం డాక్టరు చూసి మందు రాయకముందే అడిగాడు, "మీ ఇంటి చుట్టూ తెల్లపూల పిచ్చిమొక్క ఉండాదా?" అని. ఉండకేం! దొడ్లో అదే, రోడ్డు పక్కన అదే, పాడుబడిన ఇండ్లన్నిటా అదే. దాని గాలి సోకితే చాలు, కొందరికి ఇట్లా అవుతుందట. పేరు చూడు, వయ్యారిభామ! ఊళ్లో ఇంతమంది మగవాళ్లుండగా ఆ భామకు నా మొగుడే దొరికాడు. పీకి పారేస్తే ఒక్క జల్లుకు మళ్లీ మోకాలెత్తు లేస్తుంది.

ఈ గడ్డిని తినే పురుగు మీద పెద్ద చదువు చదువుతున్నానని ఉగాదికి వచ్చినప్పుడు చెప్పావు. అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వను. ఆయనకు చేతులు తప్ప వేరే ఆస్తి లేదు. ఆ పురుగులు పంపు.

నీ అక్క,
మల్లక్క

కర్నూలు,
2003 జూలై

పూజ్యురాలైన అక్కకు,

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. బావకు ధైర్యం చెప్పు.

ఆ మొక్క మన దేశానిది కాదు. ఎప్పుడో ఓడల్లో వచ్చిన గోధుమలతో పాటు దిగిందంటారు. దాన్ని తినే పురుగు మాత్రం ఓడ ఎక్కలేదు, మెక్సికోలోనే ఉండిపోయింది. అడిగేవాడు లేక ఆ మొక్క ఇక్కడ రాజ్యమేలుతోంది. అందుకే తర్వాత మనవాళ్లు ఆ పురుగును కూడా పనిగట్టుకొని తెప్పించారు. నేను పెంచుతున్నవి వాటి సంతతే.

ఆర్టీసీ కండక్టరు దాసన్న చేతికి బూట్ల అట్టపెట్టె ఇచ్చి పంపుతున్నాను. మూతకు చిల్లులు పెట్టాను, ఎండలో ఉంచకు. తెల్లటి వీపు మీద గోధుమరంగు చారలుంటాయి, సెనగగింజంత ఉంటాయి, కుట్టవు. వాన పడిన మరునాడు దొడ్లో వదిలేయి.

బదులుగా నాకు కావలసింది ఒక్కటే. అవి ఏం చేస్తున్నాయో రాస్తూ ఉండు. లాబులో పెరిగే పురుగు హాస్టల్లో పెరిగే పిల్లవాడి లాంటిది, వేళకు అన్నీ అందుతాయి. మన సీమ ఎండలో అది ఎట్లా బతుకుతుందన్నదే నా పరిశోధన. నా డాక్టరేటు దాని మీదే ఆధారపడి ఉంది.

నీ తమ్ముడు,
ఉమామహేశ్వర

కమలాపురం,
2003 అక్టోబరు

చిరంజీవి తమ్ముడికి,

నీ పురుగులకు దిష్టి తీయాలి!

వదిలిన కొత్తలో జాడే లేదు. పోయాయిలే అనుకున్నాను. తర్వాత చూద్దును కదా, పిల్ల పురుగులు కోకొల్లలు. ఇప్పుడు దొడ్లో ఆ భామకు ఆకులూ లేవు, పూలూ లేవు, ఉత్త పుల్లలు నిలబడ్డాయి. మన గోడకు అవతలి మగ్గం మహాదేవమ్మది కదా, ఆమె మొదట నా మీదికి వచ్చింది. "ఏం తల్లీ, గడ్డి సాలదని పురుగుల్ని గూడా తెస్తివా?" అని. ఆ మహాతల్లే మొన్న చాట తెచ్చి, పురుగుల్ని ఎత్తుకొని పోయి తన దొడ్లో పోసుకుంది. వీధి వీధంతా నన్ను పురుగులక్క అంటోంది. అనుకోనీ.

మీ బావ చర్మం ఆరింది. పొక్కులు రాలి లోపల గులాబీ రంగు కొత్త చర్మం వచ్చింది. వేళ్ల పేలికలు విప్పి పొయ్యిలో వేశాను. సావుకారు కేశవయ్య వచ్చి, "కాశన్నా, చేతులు చూపు" అని అటూ ఇటూ తిప్పి చూసి, పెండ్లి చీరలకు పడుగు ఇస్తానని మాట ఇచ్చాడు. మాఘమాసం నుంచి వైశాఖం దాకా ఊపిరాడని పని. ఈ రాసేటప్పుడు కూడా పోగుల మధ్య నాడె అటూ ఇటూ తిరుగుతూ టకటకమని వినిపిస్తోంది. నువ్వు చల్లగా ఉండాలి నాయనా.

నీ అక్క,
మల్లక్క

కర్నూలు,
2004 జనవరి

అక్కకు,

సంతోషం. కానీ అసలు కథ ఇప్పుడే మొదలవుతుంది.

పచ్చదనం పోగానే ఆ పురుగులు మట్టిలోకి దూరి నిద్రపోతాయి. మళ్లీ తొలివానకు లేస్తాయి. నిద్రపోవడానికి కాస్త తడి ఉన్న మట్టి కావాలి. ఇక్కడే చిక్కు. ఎండలు ఏటికేడు ముదురుతున్నాయి. పోయిన మే నెలలో మన జిల్లాల్లో మనుషులే రాలిపోయారు, పురుగెంత? నేల రాయైతే అది ఎక్కడ దూరుతుంది? దూరలేదు, చస్తుంది, అంతే అంటారు మా గైడు గారు. చావదు, మారిన ఎండకు తగ్గట్టు తనూ మారి కొత్త చోటు వెతుక్కుంటుంది అంటాను నేను. ఆయన నా మాట విని అందరి ముందు నవ్వారు.

నీ దొడ్లో అవి ఎక్కడికి పోతున్నాయో కనిపెట్టి రాయి. గడ్డివామి కింద చూడు, స్నానాల నీళ్లు పారే జాలాడి దగ్గర చూడు.

ఉమామహేశ్వర

కమలాపురం,
2004 ఫిబ్రవరి

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు దొడ్లో వెతకమన్నది మా నట్టింట్లోనే ఉంది.

మొన్న మీ బావ మగ్గం గుంతలోకి కాళ్లు దించగానే మడమ కింద ఏదో గరగరమంది. వంగి గుంత గోడ మట్టిని గోటితో గీరితే, సెనగగింజలు దాచిపెట్టినట్టు పురుగులు! ఒకదాన్ని ఆనుకొని ఒకటి, కాళ్లు ముడుచుకొని నిద్ర. పడుగు దారం ఎండకు పెళుసెక్కి తెగకుండా మనం గుంతలో పొద్దునా సాయంత్రం చెంబెడు నీళ్లు చల్లుతాం కదా. ఊరు ఊరంతా బీటలు వారినా ఆ గుంత మాత్రం చల్లగా ఉంటుంది. ఈ సంగతి ఆ మెక్సికో దానికి ఎవరు చెప్పారో!

ఊడ్చి పారేయమంటావా అని అడిగాను. మీ బావ ఒప్పుకోలేదు. "ఉండనీలే. నా చేతులు నాకిచ్చినాయి. ఆ గోడకు తగలకుండా తొక్కుతా" అన్నాడు. అట్లాగే ఒక పక్కకు ఒదిగి కూర్చొని నేస్తున్నాడు. ఆయన మంచితనం నీకు తెలుసు కదా.

నీ అక్క,
మల్లక్క

కర్నూలు,
2004 ఫిబ్రవరి

అక్కా!

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా కాళ్లు నేల మీద లేవు. ఎండ పెరిగితే పురుగు మనిషి తడిపిన చోటు వెతుక్కొని వచ్చింది! మనం పుట్టిన మగ్గాల వీధిలోని గుంతే నాకు డాక్టరేటు ఇవ్వబోతోంది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. మగ్గం ఈరోజే ఆపించు. బావ మగ్గం కింది పలకలు తొక్కితే నేల అదురుతుంది. అదిరితే అవి నిద్ర లేస్తాయి. ఈ కాలంలో లేస్తే తినడానికి ఆకు లేదు, చస్తాయి. తొలివాన దాకా ఆ గుంతలో కాలు పెట్టకూడదు. నీళ్లు మాత్రం మానవద్దు. గుంత తడి ఆరనీయకు. గోడ ఎంత లోతు దాకా తడిగా ఉందో రాయి.

ఇంకో మాట. ఇక్కడ మా లాబులో పెంచినవన్నీ తెగులు తగిలి పోయాయి. రెండు జిల్లాల్లో మిగిలినవి మీ గుంతలోవే. అవి పోతే వానలకు లేచే వయ్యారిభామను ఆపే నాథుడు లేడు. బావ చేతులు మళ్లీ మొదటికి వస్తాయి. ఆలోచించుకో, ఆయన చేతులు కావాలా, నాలుగు నెలల నేత కావాలా?

పురుగే ఇంత సర్దుకుంటోంది. మనుషులం, మనం సర్దుకోలేమా? ఈ సంగతి చుట్టుపక్కల ఎవరికీ చెప్పకు, ఏమీ అడగకు. పదిమందీ వచ్చి గెలికితే అంతా పాడవుతుంది.

ఉమామహేశ్వర

కమలాపురం,
2004 ఏప్రిల్

చిరంజీవి తమ్ముడికి,

సర్దుకున్నాం. ఎట్లా సర్దుకున్నామో రాస్తాను, విను.

మగ్గం ఆపమంటే మీ బావ మొదట నవ్వాడు. "మగ్గం ఆగితే అమావాస్యకు ఆగాల గాని, పురుగుకు ఆగేదేందే?" అన్నాడు. పోట్లాడాను. నీ మాటలన్నీ నా నోట పలికి, నీ చేతులు నీకు వద్దా అని దెప్పి, ఆయన్ను మగ్గం మీద నుంచి దించాను. కేశవయ్య వారం ఓపిక పట్టాడు. ఆ తర్వాత "పెండ్లి ముహూర్తాలు పురుగుల కోసం ఆగవు మల్లక్కా" అని సగం నేసిన చీర కోయించి, పడుగు చుట్టుకొని పోయాడు. ఆ కత్తెర చప్పుడుకు మీ బావ లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఉల్లి తోటల్లో కలుపుకు పోతున్నాడు. ఆడవాళ్ల వెనక, గంప పట్టుకొని. అందరూ నవ్వుతున్నారు. నవ్వితే నవ్వనీ, ఆ కాలువ గట్లన్నీ వయ్యారిభామే కదరా! రెప్పలు మళ్లీ ఉబ్బి కండ్లు మూసుకుపోయాయి. వేళ్లు పగిలి నెత్తురు వస్తోంది. ముద్ద కలపలేడు, నేనే తినిపిస్తున్నాను.

బోరింగు ఎండిపోయింది. ఊరి బయట బావి నుంచి నీళ్లు మోస్తున్నాను. మొదటి బిందె నీ గుంతకు పోసి, తర్వాతే ఎసరు పెడుతున్నాను. మీ బావ పొలానికి పోకుండా ఇంట్లోనే ఉండి, పూటకు ఒక గంట, మెల్లగా, ఆ గోడకు తగలకుండా నేసుకుంటే ఏమైనా అవుతుందా? కేశవయ్య కాళ్లు పట్టుకోనైనా పడుగు తెస్తాను. ఒక్క మాట రాయి. ఆయన చేతులు చూడలేకపోతున్నాను.

నీ అక్క,
మల్లక్క

కర్నూలు,
2004 ఏప్రిల్

అక్కకు,

నెత్తురు వస్తోందని రాశావు, చదివి బాధ కలిగింది. ఆయింట్‌మెంటు పేరు వెనక రాస్తున్నాను, కమలాపురంలోనే దొరుకుతుంది. గుంత గోడ ఎంత లోతు దాకా తడిగా ఉందో మాత్రం నువ్వు రాయలేదు. అదే కదా నేను అడిగింది.

నేత సంగతి మళ్లీ ఎత్తవద్దు. ఒక గంట అంటే ఒక గంటతో ఆగదు, నేతగాళ్ల సంగతి నాకు తెలియదా? ఇంతదాకా వచ్చి చెడగొట్టకు. మా గైడు గారు జూన్‌లో తొలివాన పడగానే స్వయంగా వచ్చి పురుగులు గుంతలోంచి లేవడం చూస్తానన్నారు. ఆయన కంటితో చూస్తే ఇక నన్ను ఆపేవాడు లేడు.

మే నెలలో నాతో పాటు పరిశోధన చేస్తున్న పవిత్ర వచ్చి గుంతలో వేడి కొలిచి పోతుంది. భోజనం పెట్టు. బావను ఆమెకు కనబడనీయకపోతే మంచిది, చూస్తే భయపడుతుంది.

ఉమామహేశ్వర

కమలాపురం,
2004 మే

తమ్ముడికి,

పవిత్ర వచ్చింది. మంచి పిల్ల. రాగి సంగటి, ఊరిబిండి పెడితే అడిగి మరీ వేయించుకుంది. కడుపు నిండాక కబుర్లన్నీ చెప్పింది. మీ బావ చేతులు కూడా చూసింది. భయపడలేదు, ఏడ్చింది.

గుంత గోడ ఎంత లోతు తడిసిందో రాయలేదని కోప్పడ్డావు. ఇప్పుడు అడుగు దాకా తడిసింది. ఆ పిల్ల బస్సెక్కగానే నా చేతులతో నేనే పోశాను. పురుగులు కదలకుండా పడుకొని ఉన్నాయి. నువ్వు దిగులు పెట్టుకోకు. మీ గైడు గారిని తప్పకుండా పిలుచుకొని రా. వీధిలో ఎవరికైనా చెప్పానా అని అనుమానపడకు, ఎవరినీ ఏమీ అడగవద్దన్నావు, అడగను.

మల్లక్క

కర్నూలు,
2004 జూన్

అక్కా,

ఏం చేశావు?

వానలో కమలాపురం దాకా కారు పెట్టుకొని వచ్చాం. డెబ్బై ఏళ్ల పెద్దమనిషిని నీ ఇంట్లో చాప మీద కూర్చోబెట్టాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ గుంత వంక చూస్తూ కూర్చున్నారు. నువ్వు మూడుసార్లు కాఫీ ఇచ్చావు. ఒక్క పురుగు లేవలేదు! చివరికి ఆయనే తాపీ ఒకటి అడిగి తీసుకొని గోడ గీరారు. తెల్లటి పెచ్చులు ఊడి వచ్చాయి, వాటికి అతుక్కొని పెంకులు. అన్నీ చచ్చి ఉన్నాయి. "ఇదేనా నీ కొత్త చోటు?" అన్నారు. కర్నూలులో దిగేటప్పుడు, వేరే అంశం చూసుకో, లేదా వేరే గైడును చూసుకో అన్నారు. నాలుగేళ్ల పని!

ఆ తెల్ల పెచ్చులు ఏమిటి? సొంత తమ్ముడి బతుకు మీద నీకు ఇంత పగ ఎందుకు?

ఉమామహేశ్వర

కమలాపురం,
2004 అక్టోబరు

పరిశోధకులు ఉమామహేశ్వర గారికి,

మీ జూన్ ఉత్తరానికి ఇన్నాళ్లకు జవాబు రాస్తున్నాను. ఆ తెల్ల పెచ్చులు గంజి. మగ్గాల వీధిలో పుట్టి గంజిని పోల్చుకోలేకపోయారు. పడుగుకు పట్టించే గంజే. పెద్ద డేగిసాలో కుతకుత ఉడికించి, గుంత నాలుగు గోడలకూ పోశాను. చిటపటమన్నాయి. ఆ చప్పుడు నాకు చెవులకు ఇంపుగా ఉండింది. దాచుకోను.

ఎందుకో మీకు తెలుసు. అయినా రాస్తాను. పవిత్ర ఊరిబిండి నంజుకుంటూ, "మా లాబులో మూడు గదులనిండా ఇవే అక్కా. ఎక్కువైతే వేన్నీళ్లలో పోసి పారేస్తాండాం" అంది. తెగులు తగలలేదా అని అడిగాను. "తెగులా? ఎవురు చెప్పినారు?" అంది. అట్లాగైతే మగ్గం ఎందుకు ఆపించినాడమ్మా అని అడిగాను. చెప్పడానికి ముందు ఆ పిల్ల మీ బావ వంక చూసింది. "మనిషి కాలు పడని గుంతయితే థీసిస్‌లో ఎవురూ వంక పెట్టలేరన్నాడు మీ తమ్ముడు. నేతగాళ్లు సర్దుకుంటారులే అన్నాడు" అంది. ఆయన పక్కనే ఉండి, మూసుకుపోయిన కండ్లతో ఆ మాట విన్నాడు. "పిల్లోనికి మజ్జిగ ఇంకాస్త పొయ్యి" అన్నాడు. పెట్టింది పిల్లకు, ఆయన నోట వచ్చింది పిల్లోడని. ఆయన మనసులో మీరే ఉన్నారు.

ఆ మరునాడు ఆయన్ను మళ్లీ మగ్గం మీద కూర్చోబెట్టాను. చేతిలో నాడె పెట్టాను. వేళ్లు వంగలేదు.

ఇప్పుడు మీరు అడగని సంగతి ఒకటి చెబుతాను. పోయినేడు మహాదేవమ్మ చాటలో పురుగుల్ని ఎత్తుకుపోయిందని రాశాను, మరిచిపోయారా? ఆమె మగ్గానికీ గుంత ఉంది. మే నెలలోనే చెప్పింది, "మా గుంతలో గూడా శానా ఉండాయి మల్లక్కా, యాడ గీరినా అవే" అని. ఆమె మగ్గం ఒక్కపూట ఆగలేదు. ఆమె కొడుకు పెద్ద ఈరన్న ఎండాకాలమంతా ఆ పలకలు దబదబా తొక్కుతూ పెండ్లి చీరలు నేశాడు. మా ఇంట్లో కోసుకొని పోయిన పడుగు కేశవయ్య ఇచ్చింది అతనికే. పురుగులు అతని కాళ్ల కిందే హాయిగా పడుకున్నాయి.

మీరూ మీ పెద్దాయనా నా ఇంట్లో చాప మీద కూర్చున్న ఆ పొద్దే, గోడకు అవతల అవి లేచాయి. గుంతలోంచి, గడప మీదుగా, దొడ్లోకి, బిలబిలమని. మహాదేవమ్మ చీపురు పట్టుకొని నవ్వుతున్న నవ్వు మీకు వినబడలేదా? పెద్దాయన ఒకసారి తల తిప్పి చూశాడు కూడా. మీరు చెప్పిందంతా నిజమే. ఎండకు ఆ పురుగు మారింది, మనిషి గుంతలోకి వచ్చింది, బతికింది. మీ డాక్టరేటు ఒక్క మట్టిగోడ అవతల పాకుతూ ఉండింది. మీ బావ నా కొంగు పట్టుకొని, "చెబుదామే, పాపం, చిన్నోడు" అని బతిమాలాడు. నేను ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టి, మీకు రెండోసారి కాఫీ కలిపాను.

వచ్చే ఏడు వచ్చి చూసుకుందాం అనుకోకండి. మీ ఉత్తరాలన్నీ వీధిలో ప్రతి ఇంట్లో చదివి వినిపించాను. ఏ మగ్గం గుంత దగ్గరికీ మిమ్మల్ని రానీయరు.

మా మగ్గం పెద్ద ఈరన్నే తీసుకున్నాడు. గుంత పూడ్చేశాం. మీ బావ బండల పాలిష్ ఫ్యాక్టరీకి పోతున్నాడు. మహాదేవమ్మ పురుగులు వీధంతా మేస్తున్నాయి, వయ్యారిభామ పుల్లలైపోయింది. అందుకని ఆయన చర్మం మానింది. పుండు లేదు, పొక్కు లేదు. రోజంతా రాతి నీళ్లలో నాని నాని వేళ్లు తెల్లగా, గట్టిగా అయ్యాయి. చూసినవాళ్లంతా బాగయ్యాయి కదా అంటున్నారు.

మొన్న ఆదివారం అటక మీద పాత పడుగు దారం పోగు ఒకటి దొరికింది. ఆయన అరచేతిలో పెట్టి, కండ్లు మూసుకోమని, ఇది ఒంటి పోగా, జంట పోగా చెప్పు అన్నాను. ముందైతే తాకీ తాకకముందే చెప్పేవాడు. బొటనవేలితో అటు రుద్దాడు, ఇటు రుద్దాడు. చాలాసేపు చూశాను. "యాడుండాది మల్లీ, దారం?" అన్నాడు.

ఇట్లు,
కాశన్న భార్య